చెల్లెలి ఫైలులో రాసిన ముక్క

అదేం మాటండీ డాక్టరుగారూ? అరవై ఎనిమిదేళ్ళ మనిషిని పట్టుకుని, నర్సు ముందు, స్కాన్ తీసే అమ్మాయి ముందు, "మీరు మాత్రలు మింగట్లేదు, నాకు తెలుసు" అనడమేమిటి? ఫైలులో రాసెయ్యడమేమిటి? పైగా నన్ను చూపించి, "మీ అక్కగారిని చూసి నేర్చుకోండి" అనడమా?

తలుపు నేనే వేశాను లెండి. మా చెల్లెలు బయట బెంచీ మీద ఉంది. ఏడవట్లేదు. బ్యాగులోంచి ఖాళీ మాత్రల అట్టలు తీసి పేరుస్తోంది, మీకు చూపించాలని. అది చూస్తే ఒళ్ళు మండిపోయింది నాకు. మీ మీదనా? ఆగండి, వస్తున్నాను.

ఇద్దరికీ ఒకటే జబ్బు. కడుపులోని పెద్ద రక్తనాళం గోడ వదులై ఉబ్బింది. ఇద్దరికీ కొలెస్ట్రాల్ మాత్రలే ఇచ్చారు. గుండెకి మంచివి, ఉబ్బు పెరగడం కూడా నెమ్మదిస్తుందేమో అన్నారు. 'ఏమో' అన్నది మీరే. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ 'ఏమో' ఎటు పోయింది? నాది మూడున్నర సెంటీమీటర్ల దగ్గరే ఆగింది, దానిది నాలుగు నుంచి నాలుగు ముప్పావుకొచ్చింది. అంతే, నేను బుద్ధిమంతురాల్ని, అది దొంగ. సర్జన్ దగ్గరికి పంపమంటే, ముందు ఆర్నెల్లు మాత్రలు సరిగ్గా వేసుకుని రమ్మన్నారు. ఈలోగా ఆ ఉబ్బు పగిలితే?

ముప్పై మూడేళ్ళు పిల్లలకి సైన్సు చెప్పాను. రెండు కుండీల్లో మొక్కలు పెట్టి, ఒకదానికే నీళ్ళు పోయమనేదాన్ని. ఏ మొక్క ఎందుకు ఎదిగిందో రాసేముందు, మట్టిలో వేలు పెట్టి తడి చూడమనేదాన్ని. మీరు వేలు పెట్టి చూడలేదు. నా కుండీ ఎండిపోయి ఉంది బాబూ.

అవును. మింగనిది నేనే.

మొదటి నెల మింగాను. పిక్కలు లాగేసి మెట్లెక్కలేకపోయాను. మీకు చెబితే వేరే మాత్ర రాసేవారేమో. చెప్పలేదు. రోజూ భోజనాలయ్యాక చెల్లెలే ఒకటి తను వేసుకుని, ఒకటి నా చేతిలో పెడుతుంది. నేను బుగ్గన దాచుకుని, నోరు కడుక్కునే వంకతో వెళ్ళి ఊసేస్తాను.

దానికీ పిక్కలు లాగుతాయి. గోడ పట్టుకుని నడుస్తుంది. "నీకేం కాలేదు కదక్కా, నాకే ఎందుకీ గోల?" అంటుంది. నేనేమన్నానో తెలుసా? "నీకు ఓర్పు తక్కువే" అన్నాను.

ఇందాక మీరు మెచ్చుకుంటుంటే నవ్వాను కూడా. ఆ మొహం స్కాన్ తెర మీద లీలగా కనబడింది నాకు. ఛీ అనిపించింది. అయినా నవ్వు ఆపలేదు.

అలాగని మాత్ర పనికిరాదని రాసుకోకండి. ఇద్దరు ముసలమ్మలతో ఏదీ తేలదు. దాని ఫైలులో ఆ ముక్క కొట్టేసి, సర్జన్‌కి ఉత్తరం రాయండి. నా ఎదురుగా రాయండి.

ఏమిటి? నన్నే బయటికెళ్ళి చెప్పమంటారా?

వద్దు. దాన్నే లోపలికి పిలవండి. ఆ గుమ్మం దాటానంటే, "డాక్టరు పొరబడ్డాడు లేవే" అని సర్ది చెప్పేసి, ఇంటికి తీసుకుపోతాను. నా సంగతి నాకు తెలుసు.