ఒకటి నొక్కు, రాఘవమ్మత్తా

హలో… నేనత్తా, ఉదయశ్రీని. అద్దంకి రైతు సంఘం ఆఫీసు నుంచి…

రాఘవమ్మత్తా?…

ఎత్తావని తెలుస్తోంది, నీ మాటే రావట్లేదు. నా మాట వినపడుతుంటే ఫోన్లో ఒకటి నొక్కు.

— ఆ, ఇక్కడ కంప్యూటర్ తెరమీద ఒకటి పడింది.

అరవొద్దు, అరిచినా ఇటు రాదు… ఇది ఇంటర్నెట్ ఫోను. పొద్దున మీ అందరికీ వాన కబురు చెప్పింది ఇదే. అప్పుడు రికార్డు చేసిన మాట కాబట్టి లోపం తెలీలేదు… నా సెల్లుతో చేద్దామంటే సిగ్నల్ లేదు.

కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పావా? కప్పితే ఒకటి, లేదంటే రెండు.

— ఒకటి. హమ్మయ్య.

సంఘంలో ఆఖరి పట్టా వ్యాన్‌లో ఉంది. షబ్బీరన్న హారన్ కొడుతున్నాడు.

— ఒకటేంటి, నేనేం అడగలేదుగా…

పొదిలి వైపు వాన పడుతోందంట.

— మళ్లీ ఒకటి. అత్తా… నువ్వు దీంతో ఊ కొడుతున్నావా?

— ఒకటి.

అయితే ఇందాకటిదీ ఊ కొట్టడమేనా? కాయ ఇంకా ఆరుబయటే ఉందా?

— ఒకటి.

కప్పేశావా?

— ఒకటే. నీకో దణ్ణం.

ఆగన్నా, ఒక్క నిమిషం. పట్టా ఈవిడ కల్లానికో మాలకొండయ్య మామ కల్లానికో తేలనీ…

పెట్టెయ్యకత్తా. ఇది కొన్న సాఫ్ట్‌వేర్ కాదు, ఓపెన్ సోర్సు. కోడంతా తెరిచే ఉంటుంది, మన సంఘానికి తగ్గట్టు నేనే మార్చా. తప్పూ నాదే… ఇదిగో. ఇది ఆఫీసు లోపలి నెట్ అడ్రస్‌ని బయటికి చెబుతోంది. నీ మాటలు ఇల్లు దొరక్క ఎక్కడో తిరుగుతున్నాయి.

మార్చా… ఒక్కసారి హోల్డ్‌లో పెట్టి తీస్తా, ఉండు…

హలో?… ఏదో టపటపలాడుతోంది…

వానా?… పట్టా మీదా?…

నీ గొంతూ వస్తోందత్తా… ఎప్పుడు కప్పావు?… పొద్దున ఫోను చెప్పగానేనా… చుట్టూ రాళ్లు కూడా పెట్టావా…

మరి ఆరుబయటే ఉందా అంటే ఒకటెందుకు నొక్కావు?…

ఏంటి?… చదువుకున్న పిల్ల చెబుతుంటే ఊ కొట్టకపోతే బాగోదనా…

షబ్బీరన్నా, పట్టా మాలకొండయ్య మామ కల్లానికి. వాన అటు తిరిగేలోపు వెళ్లిపో… నీక్కాదత్తా, వ్యానాయనకి.

ఆ… ఊ… అన్నం తినే బయల్దేరతాలే… ఊ… ఊ.

పెట్టేస్తున్నా.