లక్పతి రాగిముక్కను ఒత్తిన వైనం

రెండువేల పన్నెండులో నిహారికకు హైదరాబాద్‌లో పరిశోధనకు సీటొచ్చింది. తాత బాలయ్య సరేనన్నాడు. నానమ్మ ప్రమీలమ్మే అడ్డం తిరిగింది. "లోహాన్ని గట్టిగ ఒత్తితే లోపల పాజిట్రాన్ ఏమైతదో చూస్త నానమ్మా" అని మనవరాలు ఎంత చెప్పినా, "గదేం చదువే! నాకు సమజయ్యేదాంక పంపియ్య" అని మొండికేసింది.

ఆ పొద్దున నాగిరెడ్డిపేటలో వాళ్ళ అరుగు మీద కూర్చున్న తండా లక్పతి చెవిన ఆ మాట పడింది. అలాంటి ల్యాబు కట్టేటప్పుడు ఒక ఎండాకాలం ఇటుకలు మోసొచ్చినవాడు. ఇక ఆగుతాడా?

"నన్నడుగు అవ్వా! గా లోహాన్ని ఒత్తే మిషను తిప్పిందే నేను. ల్యాబు సారుకు చెయ్యి బెణికితే, లక్పతీ, జర మర తిప్పురా అన్నడు. రెండు వజ్రాల నడుమ ఆవగింజంత రాగిముక్క. ఒక్క చుట్టు తిప్పిన, గంతే."

"గంతేనా?" అన్నాడు బాలయ్య.

"గంతేనంటే గంతేనా బాపూ! రాగిల ఎలక్ట్రాన్లుంటయ్, అంగడినాడు ఎల్లారెడ్డి బస్సుల జనం లెక్క. అండ్లకు పాజిట్రాన్ ఎక్కుతది. ఎలక్ట్రాన్‌కు కవలనే, కానీ ఉల్టా. ఖాళీ సీటు దొరికితే జరసేపు బతుకుతది. ఎలక్ట్రాన్‌కు తగిలిందా, రెండూ ఖతం! రెండు మెరుపులై చెరో దిక్కు ఉరుకుతయ్. నేను మర తిప్పుతుంటే సీట్లు మాయం, అంత ఇరుకు. ఎక్కుడెక్కుడే తగులుడు. దాని ఆయుష్షు ఇంకింత తక్కువాయె."

నిహారిక నోరెళ్ళబెట్టింది. తను తడబడుతూ చెప్పిందంతా ఇదే కదా! నానమ్మ వైపు చూసింది. ప్రమీలమ్మ చిక్కుడుకాయల నారలు తీయడం ఆపి, కాస్త ముందుకు జరిగింది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఇంకో చుట్టు తిప్పిన. సారు వద్దంటుండు, నేనింటనా? ఒక మెరుపు మద్నూర్ దిక్కు పోయింది, ఆడ మరాఠోళ్ళు తెల్లారిందనుకొని ఎడ్లు కట్టిన్రు. ఇంకోటి పోచారం చెరువుల పడ్డది, చేపలు ఉడికి ఒడ్డుకొచ్చినయ్. ఉప్పుకారమే తక్కువ!"

"నాకొక్కటి దొరకకపాయె" అన్నాడు బాలయ్య.

"నువ్వొచ్చేసరికి ఒడిశినయ్ బాపూ. మూడో చుట్టుకు పాజిట్రాన్ లోపల్నించి మొత్తుకున్నది. 'లక్పతన్నా, ఊపిరాడ్తలేదే, జర సడలియ్యి!' పాపమనిపిచ్చి, మర ఇప్పి, గీ చేత్తోనే బయటికి తీసిన. స్టూలు మీద కూసోబెట్టి చాయ్ తాగిపిచ్చిన. ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంట తాగి, దాని కష్టసుఖాలన్ని చెప్పుకున్నది..."

"ఆగు లక్పతీ" అంది ప్రమీలమ్మ. "నీ చేతుల ఎలక్ట్రాన్లుంటయా?"

"ఎందుకుండయ్ అవ్వా? మస్తుంటయ్!"

"మరి తగిలితే ఖతమంటివి. ఉత్త చేత్తోని స్టూలు దాంక ఎట్ల మోస్తివి?"

లక్పతి తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. బాలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నిహారిక ఒక్క ఉదుటున వెళ్ళి నానమ్మను వాటేసుకుంది.

"నీకు సమజైంది నానమ్మా!"

"అయింది తియ్యే. పోయి బట్టలు సదురుకో. ముందుగాల నన్నిడువు, చిక్కుళ్ళన్ని కింద పడ్తున్నయ్!"