పెద్దమ్మను రెండుసార్లు సంపిన కథ

"అవ్వా, నువ్వు పనికి పొయ్యేటప్పుడు టైము మార్చమని మీ ఓనరును ఎప్పుడైనా అడిగినావా?"

అడక్కేం మే, అడిగినా! అడిగేదానికి ముందు మా పెద్దమ్మను రెండుసార్లు సంపినా. నవ్వొద్దు, ఉండు, మొదట్నించి సెప్తా.

తిరపతిలో మస్తాన్ భాయ్ అని, జాకెట్లు కుట్టే అంగడి పెట్టుకోని ఉండె. మంచోడు, కోపం మాత్రం ముక్కుమిందే. ఆయన గుడ్డ కత్తిరిస్తే నేనూ రాజేశ్వరీ కుట్టేది. అప్పుడు మీ అమ్మకు రెండేండ్లు... కాదు కాదు, మూడు. తొమ్మిదికి పోతే సాయంత్రం ఆరుదాకా పని. మా వీధి కొళాయి సూస్తే మద్యాన్నం మూడుకొచ్చి నాలుక్కు పోతాది. మా అత్తకు మోకాళ్ల నొప్పులు, బిందె ఎత్తలేదు. నీళ్లు పట్టను నేనే పని మద్యలో ఇంటికి పోవాల, ఏం సేసేది సెప్పు? కడుపునొప్పంటి, జ్వరమంటి, ఆఖరికి చంద్రగిరిలో పెద్దమ్మ పోయిందంటి. ఇంకో నెలకి అది మరిసిపోయి, మళ్లా పోయిందంటి!

మర్నాడే, సూడు నా గాచారం, ఆ పెద్దమ్మే అంగట్లోకి వచ్చింది. "నేను మునెమ్మ పెద్దమ్మనప్పా, ఇదిగో గుడ్డ, ఇదిగో ఆది జాకెట్టు" అనింది. భాయ్ చేతిలో కత్తెర అట్లే నిలిచిపోయింది. "ఏ పెద్దమ్మ?" అన్నాడు. "ఉండేదే ఒక్కదాన్ని గదా!" అనింది. రాజేశ్వరి నోట్లో కొంగు కుక్కుకోని మిషను కింద దూరింది.

ఆమె పోయినాక భాయ్ నా తట్టు తిరిగినాడు. "రేపట్నించి రావద్దు మునెమ్మా."

ఆ పని లేకుంటే ఇల్లు జరగదు గదా. కొళాయి సంగతి, అత్త సంగతి అంతా కక్కేసినా. "పొద్దున ఆరుకే వస్తా భాయ్, రెండుకు పోతా. మద్యలో కూటికి కూడా లేయను."

"ఆరింటికి జాకెట్లు కుట్టించుకోను ఎవురొస్తారమ్మా, కోళ్లా?" అన్నాడు. అని తనే నవ్వేసినాడు. నవ్వినోడు ఇంగ కోప్పడేదెట్ల? వారం సూస్తానని, పొద్దున్నే అంగడి తెరిసేదానికి బీగంచెవి నా చేతిలో పెట్టినాడు.

అబ్బ, ఆ పొద్దున సూడాల! రాజేశ్వరి కూడా నాతోపాటే వచ్చేసింది. ఆయన కుర్చీలో ఒకరి తరవాత ఒకరం కూర్సోని, "కాజాలు అయినాయా మే?" అని ఆయన మాదిరే కసిరి, పడీపడీ నవ్వినాం. దోసెలు తెప్పించుకున్యాం. అప్పుడు దోసె పావలానో, ముప్పై పైసలో... ఏదోలే.

నాలుగో దినం మద్రాసు రైలు దిగి పెండ్లోళ్లు ఉరుక్కుంటా వచ్చినారు. పదింటికి కొండమింద ముహూర్తం, పెండ్లికూతురికి జాకెట్టు చేతులు పట్టలేదు. ఆ బిడ్డ ఒకటే ఏడుపు. బజారంతా మూసుండాది, మాదొక్కటే తీసుండేది. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి రాజేశ్వరి, కుట్టు ఇప్పి, లోపల మడిచిన గుడ్డ వదిలి, అర్ధగంటలో తొడిగించినాం. ఆ పిల్ల నన్ను కరుసుకోని ముద్దు పెట్టేసింది మే, పూలూ కన్నీళ్లూ అన్నీ నా మిందే! సాయంత్రం కొండ దిగినాక వాళ్లే మళ్లా వచ్చి, ఇరవై జాకెట్లకు గుడ్డ భాయ్ చేతికిచ్చి పోయినారంట.

వారం తిరిగినాక భాయ్ గడపకాడ నిలబడుకోని గొంతు సవరించినాడు. "మునెమ్మా, ఒకటి అడగాల. ఎట్లా మీరే తెరుస్తాండారు గదా... నేను పదింటికి వస్తే ఏమన్నా అనుకుంటావా?"

ఓనరు మే! నన్నడగతాండాడు!

"రా భాయ్," అన్నా, "కానీ ఆరుదాకా ఉండాల."

నువ్వూ పో తల్లీ, మీ ఓనరుకు ఉండేదున్నట్లు సెప్పి అడుగు. నీ నోటిమాట గెలవాల, నువ్వు సల్లగుండాల...