గ్లాసు తుడిచిన మనిషి

క్లెమ్ టాన్సీ అరవై ఒక్కసారి చచ్చాడు. లెక్క ఆయనదే. తుపాకి గుండుకి, విషానికి, వరదకి, ఉరితాడుకి. ఒక సినిమాలో అయితే గడ్డం మార్చి రెండుసార్లు. మా ఇంట్లో గది తీసుకున్న పన్నెండేళ్ళలో ఆ చావులన్నీ ఈ వరండాలో కూర్చుని మాకు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ చచ్చేందుకు ఇంకాస్త ఎక్కువసేపు పట్టేది.

ఆ రోజు మాత్రం చావు ఊసెత్తలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి హాల్లో ఫోన్ మోగింది. మా అమ్మాయి నెల్డా గుర్రం మీంచి పడింది. హీరోయిన్లకి బదులు స్వారీ చేసే పని దానిది. షూటింగు రెండు వందల మైళ్ళ అవతల, కొండల్లో. కడుపులో నెత్తురు కారుతోంది, ఆపరేషన్ చేస్తున్నాం, అయ్యాక మళ్ళీ చెబుతాం, ఫోన్ దగ్గరే ఉండండి అన్నాడు అక్కడి డాక్టరు. అటు వెళ్ళే బస్సు సాయంత్రం ఆరింటికి గాని లేదు.

సంచి సర్ది మెట్ల దగ్గర పెట్టాను. హాలు తలుపు బార్లా తీసి, ఫోన్ కనిపించేలా వరండాలో కుర్చీ వేసుకున్నాను.

ఇంటికంతటికీ ఫోన్ ఒకటే; ఇది కాకపోతే వీధి చివర మందుల షాపులో డబ్బులేసి చేసే ఫోన్. అందరికీ తిండి పెట్టేది అదే. వేషాలు పంచే ఆఫీసు వాళ్ళు తమంతట తాము పిలవరు. వేషగాళ్ళే ఫోన్ చేసి పేరు చెప్పుకోవాలి. "పని లేదు, తర్వాత చెయ్యండి," అంటుంది అవతలి పిల్ల. పావుగంట ఆగి మళ్ళీ చెయ్యాలి. రోజంతా మా హాల్లో వరసే. ఆ రోజు ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు. ముట్టుకోవద్దని నేను అనలేదు.

ముందు రోజు భోజనాల దగ్గర క్లెమ్ ఒక సంగతి చెప్పాడు. జడ్జి వేషం వచ్చింది. పదకొండు మాటలు. తెర మీద పేరు పడుతుంది. తొమ్మిదేళ్ళ తర్వాత. మర్నాడు మూడుకీ నాలుగుకీ మధ్య తనే ఫోన్ చేసి "ఉన్నాను" అనాలి, అనకపోతే వేషం జాబితాలో తర్వాతివాడికి పోతుంది. కోతలే అనుకున్నాం. ఆయన ఆఫీసు చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకో గదిలో ఉండే బెలా లేచి చెయ్యి కలిపాడు.

ఫోన్ మోగిన దగ్గర్నుంచీ ఆ సంగతి నాకు గుర్తే లేదు.

రెండున్నరకి క్లెమ్ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఫ్రీడా అల్లిక తెచ్చుకుంది. మూకీల రోజుల నుంచీ గుంపుల్లో నిలబడే మనిషి ఆవిడ. బెలా హంగరీ నుంచి వచ్చినవాడు. సొంత విందు కోటు ఉంది కాబట్టి పెద్దింటి విందులు తీసేటప్పుడు పని దొరుకుతుంది. ఎండలో కూడా మెడ బొత్తాం విప్పడు.

"ఇది చిన్న సంగతేలే," అన్నాడు క్లెమ్. "సారాకొట్టులో గ్లాసు తుడిచే వేషం వేశాను చూడండి, అది. మాట లేదు. హీరో భుజం వెనకాల నిలబడి తుడవాలి, అంతే."

"ఆ సీన్లో నేనూ ఉన్నా," అంది ఫ్రీడా. "నువ్వు కనబడలేదు."

"నువ్వు అటు తిరిగి కూర్చున్నావు, నీకెలా కనబడతాను? వినమ్మా నువ్వు," అన్నాడు నాతో. "హీరోగారు మాట మరిచిపోయాడు, నోరు తెరిచాడు, ఏమీ రాలేదు, ఫిల్ము తిరిగిపోతోంది, డైరెక్టరు జుట్టు పీక్కుంటున్నాడు, మరి నేనేం చేశాను, తుడుస్తూనే ఉన్నాను, కాకపోతే కాస్త నెమ్మదిగా, అంచు చుట్టూ బొటనవేలు ఒక్కసారి ఇలా పోనిచ్చి. డైరెక్టరు జుట్టు వదిలేశాడు. 'హీరోని పక్కకి జరపండి, నాకా గ్లాసు కావాలి,' అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

నేను ఫోన్ వైపు చూస్తున్నాను.

"అమ్మా, నిన్నే. ఏమైందో తెలుసా?"

"తెలీదు," అన్నాను.

"అప్పటికి నాకూ తెలీదు! తుడుస్తున్నా. భోజనాల గంట కొట్టారు, తుడుస్తున్నా. తెల్లారింది, తుడుస్తున్నా. నాలుగో రోజుకి గ్లాసు ఎంత మెరిసిందంటే, దీపాలవాళ్ళు దీపాలన్నీ ఆర్పేసి ఇళ్ళకి పోయారు. ఆ వెలుగుకి బయట కట్టేసిన గుర్రం బెదిరి—"

ఫ్రీడా సూదులు ఆగిపోయాయి.

"గుర్రం కాదు," అన్నాడు క్లెమ్. "ఆవు. ఆవు బెదిరి తలుపు తోసుకుని లోపలికొచ్చింది."

"సారాకొట్టులోకి ఆవా అండీ?" అన్నాడు బెలా.

"ఆవే. దాహమేసింది."

"మర్యాద తెలిసిన ఆవేనా?"

"గుమ్మం దగ్గర టోపీ తీసి మరీ వచ్చింది."

నాకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తెలీదు. నవ్వు అయిపోగానే చేతులు వణికాయి. ఒళ్ళో దాచుకున్నాను.

క్లెమ్ హాల్లోకి తొంగి గడియారం చూశాడు. మూడుంబావు. టోపీ తీసుకుని లేచాడు. "వీధి చివర మందుల షాపు దాకా వెళ్ళొస్తాను. పది నిమిషాలు."

ఆయన నిలబడగానే ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. గడియారం చప్పుడు వినబడింది. దాని వెనక ఇంకేవో వినబడసాగాయి నాకు, ఆపరేషన్ గదిలో కత్తెరలూ, పళ్ళేలూ.

"తర్వాత?" అన్నాను.

క్లెమ్ నా వైపు చూశాడు. నా ఒళ్ళోకి చూశాడు.

"నువ్వెళ్ళు," అంది ఫ్రీడా నెమ్మదిగా. "ఆవు సంగతి నేను చెబుతాలే."

"నీకేం తెలుసు ఆవు గురించి?" అని టోపీ మోకాలికి తగిలించుకుని మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాడు. "తర్వాతేమిటంటావా అమ్మా, అసలు కథంతా తర్వాతే ఉంది. ఎనిమిదో రోజుకి గ్లాసు పలచబడింది. ఉల్లిపొరలా అయింది. పదకొండో రోజుకి ఇంక గ్లాసే లేదు, అరిగిపోయింది."

"అరిగిపోయిందా!"

"మొత్తం. కానీ అందులో పోసిన విస్కీ ఉంది చూశావూ, అది మాత్రం కదల్లేదు. గ్లాసు ఆకారంలో గాల్లో అలాగే నిలబడిపోయింది. దానికి అలవాటైపోయింది మరి. హీరోగారు దాన్ని పట్టుకోబోతే వేళ్ళు తడిశాయి గాని చేతికి రాలేదు. నాకు తప్ప ఎవరికీ లొంగదు. అలాగే తీశారు సినిమా. విడుదలైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" ఈసారి నేను వెంటనే అడిగాను.

"ఒమాహాలో మొదటి ఆట. ఆ గ్లాసు తెర మీద పడగానే హాలు హాలంతా దాహంతో నాలుకలు బయటపెట్టింది. తలుపులు విరిగాయి. ఊళ్ళో సారా అయిపోయింది, సోడా అయిపోయింది, పాలు అయిపోయాయి, చర్చిలో పవిత్ర జలం కూడా దొరకలేదు. డెన్వర్‌లో అయితే నదిని తాగేశారు, పడవలు బురదలో కూర్చున్నాయి. గవర్నరు టెలిగ్రాం కొట్టాడు, 'మిస్టర్ టాన్సీ, దయచేసి తుడవడం ఆపండి,' అని. ఎలా ఆపను? సినిమా అప్పటికే తీసేశారే!"

హాల్లో గడియారం నాలుగు కొట్టింది. కొడుతున్నంతసేపూ క్లెమ్ గొంతు పెంచి మాట్లాడాడు. సముద్రం మీద ఓడలవాళ్ళు ఆ మెరుపు చూసి దీపస్తంభం అనుకున్నారట. ముప్పై ఓడలు వరసగా వచ్చి ఒక సినిమా హాలు ముందు లంగరు వేశాయట. చంద్రుడు మూడు రోజులు సెలవు పెట్టాడట. ఫ్రీడా తల ఎత్తలేదు. బెలా మెడ బొత్తాం విప్పుకున్నాడు.

నాలుగూ ఇరవైకి ఫోన్ మోగింది.

కుర్చీకీ ఫోన్‌కీ మధ్య ఎలా నడిచానో తెలీదు. డాక్టరు చెప్పింది విన్నాను. రెండోసారి చెప్పమన్నాను. చెప్పాడు. వరండాలోకి వచ్చాను.

"బతికింది," అన్నాను. "తెలివొచ్చింది. గుర్రానికేమైనా అయిందా అని అడుగుతోందట."

బెలా లేచి నిలబడి, రాణిగారి ముందు వంగినట్టు వంగాడు. ఫ్రీడా కొంగులా వేలాడుతున్న అల్లికతోనే మొహం తుడుచుకుంది.

క్లెమ్ మాత్రం ఇంకా ఉబ్బాడు. "చెప్పానా? నేను నోరు తెరిస్తే ఊరికే పోతుందా? అందుకే ఈ ఊళ్ళో నేను లేనిదే కెమెరా తిరగదు. నేను ఒకరికి ఫోన్ చెయ్యడమేమిటి? కార్లు పంపుతారు, ఇదే వీధిలో వరసగా నిలబడి హారన్లు కొడతారు, 'టాన్సీగారూ, జడ్జి మీరు తప్ప ఇంకెవరు' అని కాళ్ళా వేళ్ళా—"

"నాలుగున్నర అయింది, క్లెమ్," అంది ఫ్రీడా. "జడ్జి వేషం పోయింది."

వీధిలో ఒక్క కారూ లేదు.

నాకప్పుడు గుర్తొచ్చింది. చీటీ. టోపీ. "తర్వాత?" అన్న నా మాట.

"క్లెమ్," అన్నాను.

"పదకొండు మాటలేగా," అన్నాడాయన, టోపీ అంచు సరిచేసుకుంటూ. "ఇవాళ అంతకంటే ఎక్కువే మాట్లాడాను."

లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. గటగటా తాగేశాడు. పొద్దున్నుంచీ ఏమీ తాగినట్టు లేదు. ఖాళీ గ్లాసు వెనక్కి ఇవ్వలేదు. జేబురుమాలు తీసి, అలవాటుగా, నెమ్మదిగా తుడవడం మొదలుపెట్టాడు. అంచు చుట్టూ బొటనవేలు ఒక్కసారి పోనిచ్చాడు. మామూలు గ్లాసు, అడుగున చిన్న పగులు. ఎండ వైపు ఎత్తి పట్టుకుని చూసుకున్నాడు.

అరవై ఒక్క చావుల మనిషి ఆ పగులు మీద మళ్ళీ తుడిచాడు.

ఫ్రీడా అల్లిక పక్కన పెట్టింది. చాలాసేపు ఆయన వైపే చూసింది.

"ఈసారి కనబడ్డావులే," అంది.