ఏరి పక్కన పెట్టినవి

పల్లీల గోదాములో పాడైన గింజలు ఏరే ఆమె, భర్త రిపోర్టులు ఒళ్ళో పెట్టుకుని డాక్టరమ్మ ముందు కూర్చుంది.

"ఆయన చుక్క ముట్టని మనిషమ్మా. కాలేయానికి క్యాన్సరేమిటి?"

"కామెర్ల వైరస్‌తో ఏళ్ళ తరబడి కాలేయం వాచిపోయి ఉంది. దానికి బూజు విషం తోడైనట్టుంది. బూజు పట్టిన పల్లీలేమైనా తినేవారా?"

"నేను ఏరి పక్కన పెట్టినవే తెచ్చేదాన్ని. కడిగి, ఎండబెట్టి, ఎర్రగా వేయించేదాన్ని."

"వేయించినా ఆ విషం పూర్తిగా పోదమ్మా."

"బూజు పోయాక విషం ఎక్కడుంటుందమ్మా?"

"గింజ లోపల. కంటికి కనపడదు."

"నేనూ తిన్నానుగా! నాకేం కాలేదే?"

"మీ రక్తపరీక్షలో ఆ వైరస్ లేదని తేలిందిగా. ఆ వైరస్, ఈ విషం రెండూ కలిస్తే ముప్పు ఎక్కువ."

ఆమె అయోమయంగా తన వేళ్ళకేసి చూసుకుంది.

"నా చెయ్యి దాటి ఒక్క చెడ్డ గింజ కూడా జనంలోకి పోదని మా గోదాము మేస్త్రీ మెచ్చుకుంటాడమ్మా. అయితే... అన్నీ మా ఇంటికే వచ్చాయా?"