రికార్డు గదిలో రష్యన్ నవల: చక్రధరరావు గారికి అభినందన

1991 జులై 8, సోమవారం ఉదయం శ్రీ గేదెల చక్రధరరావు గారు జగదల్‌పూర్‌లోని మన గిరిసేవ ఆస్పత్రిలో రికార్డు గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. కిరందుల్ రైలు మార్గంలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసిన తండ్రి వెంట శ్రీకాకుళం ప్రాంతం నుంచి బాల్యంలోనే ఇటు వచ్చినవారు కనుక, తెలుగు, హిందీ, ఇక్కడి హల్బీ భాష మూడింటిలోనూ రోగులను ఆప్యాయంగా పలకరించగలిగేవారు.

ఆ ఏడాదే పాత పుస్తకాల దుకాణంలో, తెలుగులోకి అనువాదమైన తొమ్మిది వందల పేజీల రష్యన్ నవల ఒకటి ఆయన చేతికి చిక్కింది. వందో పేజీకే తల తిరిగిపోయింది. ఆఫీసులో ఒక పేరు, గౌరవంగా పిలవడానికి తండ్రి పేరు కలిపి మరొకటి, తల్లి పిలిచే ముద్దుపేరు ఇంకొకటి. ముగ్గురనుకున్నవారు తీరా చూస్తే ఒక్కరే. రెండుసార్లు విసిగి పుస్తకం మూసేశారు. మూడోసారి ఒక కాగితం మడిచి అందులో పెట్టుకుని, మనిషికొక వరుస కేటాయించి, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో రాసుకుంటూ చదివారు. సతీమణి తాతమ్మ గారు అది చూసి, "పుస్తకం చదువుతున్నారేటి, రేషన్ కార్డు రాస్తున్నారేటి?" అని ఆటపట్టించారట. ఆ నవల పూర్తయింది. తర్వాత అటువంటివే మరో పదకొండు పూర్తయ్యాయి.

2006లో ఆయన రికార్డు విభాగ పర్యవేక్షకులయ్యారు. ఆయన నిదానం మనలో చాలామందికి చిరాకు తెప్పించేదన్న మాట దాచనక్కరలేదు. ఆ నిదానమే 2014 వానాకాలంలో ఒక ప్రాణాన్ని నిలబెట్టింది.

ఆ మధ్యాహ్నం సుక్మాకు దక్షిణాన ఉన్న పల్లె నుంచి బిజ్జా అనే రైతు, కాలి గాయం చీము పట్టి జ్వరంతో స్పృహ తప్పిన చెల్లెలిని తీసుకొచ్చాడు. ఆధార్ కార్డులో ఉన్నట్టు సీత అని పేరు రాయించాడు. ఆ పేరుతో పాత కార్డేదీ లేదు. డాక్టరు గారు పెన్సిలిన్ సూది రాశారు. చక్రధరరావు గారికి మాత్రం మనసు ఊరుకోలేదు.

"ఇంట్లో ఏమని పిలుస్తారయ్యా?" అని అడిగారు.

"ఇంట్లనా? ఇర్మె అంటం. సీత అని ఇస్కూల్ల రాసిండ్రు."

ఇర్మె పేరుతోనూ కార్డు లేదు. "మరి అత్తవారింట్లో?"

"ఆడ పెద్దకోడలు గూడ ఇర్మెనే సారూ. అందుకని ఈమెను మంగి అంటరు. మొగడి పేరు మాసా."

'మంగి, భర్త మాసా' అన్న కార్డు దొరికింది. మూడేళ్ల కిందటిది. దాని మీద ఎర్ర సిరాతో, పెన్సిలిన్ పడదనీ, ఊపిరి ఆగినంత పనైందనీ రాసి ఉంది. ఎన్నడూ వడిగా నడిచి ఎరుగని ఆ పెద్దమనిషి కార్డు పట్టుకుని వార్డులోకి పరుగు తీశారు. సిస్టర్ సంతోషకుమారి గారి చేతిలో సిరంజి సిద్ధంగా ఉంది.

"ఆగండమ్మా. ఈ మందు ఈమెకు పడదు," అన్నారు రొప్పుతూ.

సిస్టర్ గారు సిరంజిని పళ్లెంలో పెట్టేసి, కార్డు అందుకుని డాక్టరు గారికి చూపించారు. డాక్టరు గారు మందు మార్చారు. నాలుగో రోజున ఇర్మె లేచి కూర్చుని జావ అడిగింది. ఆ మాట విన్నాకే చక్రధరరావు గారికి కడుపునిండా అన్నం సయించింది.

వెళ్లేముందు ఆమె ఆయన దగ్గరికొచ్చి, "నా పేర్లన్నీ అడగాలని నీకెట్ల తోచింది సారూ?" అంది. రష్యన్ నవలల సంగతి ఆయన ఓపికగా చెప్పారు. ఇర్మె, "వాళ్లకు గూడ ఇంట్ల ఒక పేరు, బయట ఒక పేరా? అయితే మనలాంటోళ్లే," అని నవ్వింది.

ఆ నెలలోనే ఆయన పట్టుబట్టి మన కార్డుల్లో 'పుట్టింటి పిలుపు, అత్తింటి పిలుపు' అనే గడులు చేర్పించారు. కంప్యూటర్లు వచ్చాక అందులోనూ పెట్టించారు. నేడు మనం నిశ్చింతగా సూది వేయగలుగుతున్నామంటే అది ఆయన చలవే.

నేడు పదవీ విరమణ చేస్తున్న చక్రధరరావు గారు తాతమ్మ గారితో కలిసి చిరకాలం సుఖంగా, తృప్తిగా చదువుకుంటూ జీవించాలనీ, ఇంటి పేరుతో గానీ ముద్దుపేరుతో గానీ వారి కార్డు ఈ ఆస్పత్రిలో మనం ఎన్నటికీ వెతకవలసిన అవసరం రాకూడదనీ మనసారా కోరుకుంటున్నాం.