వానను వెనక్కి పంపిన మిషన్లు

న్యాయంగా చెప్పుకోవాలంటే, మెగావాట్ మామ ఆ సాయంత్రం అబద్ధంతో మొదలుపెట్టలేదు.

అతను తుక్కు యార్డులో పని చేస్తాడు. బిట్‌కాయిన్ లాంటి కంప్యూటర్ డబ్బు తవ్వే మిషన్లు ఉంటాయి కదా, బూట్ల డబ్బా అంతేసి ఇనప్పెట్టెలు, కొత్త రకం రాగానే పాతవి కరెంటు ఖర్చుకి కూడా గిట్టక లారీల్లో ఆ యార్డుకే వస్తాయి. వాటిని విప్పి అల్యూమినియం ఒక పక్కకీ రాగి ఒక పక్కకీ వెయ్యడం అతని పని. అలా వచ్చినవాటిలో నాలుగింటిని అడిగి తెచ్చి, అక్క లాండ్రీ వెనక గదిలో బట్టలు ఆరడానికి బిగించాడు. ఇంతవరకూ నిజం. మెగావాట్ మామ అన్న పేరు పెట్టింది అక్క కూతురు. ఇప్పుడు వీధంతా అలాగే పిలుస్తుంది.

అక్కకి ఆ వెనక గదే ఆధారం. కిందటి వానల్లో దుప్పట్లు చెమ్మ వాసన కొడుతున్నాయని నర్సింగ్ హోమ్ వాళ్ళు పని తీసేసుకున్నారు. ఈ వేడి గది చూపించి మళ్ళీ తెచ్చుకుంది. అంతలో పైవాటా మాస్టారు, శబ్దానికి కునుకు లేదని ఫిర్యాదు రాశారు. రాసిన మూడు వారాలకి అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుగారు ఆ కాగితం పట్టుకుని, మాస్టారిని వెంటబెట్టుకుని వచ్చారు. మిషన్లు ఉంచడమో తీయించడమో ఇవాళ తేలిపోవాలి.

ఏం చెప్పాలో అక్క పొద్దుటినుంచీ నాలుగు మాటలు కూడబెట్టుకుంది. ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడింది. నోరు తెరిచేలోపు తమ్ముడు మెట్టు మీద చతికిలబడి, టీ గ్లాసు మోకాలి మీద నిలబెట్టేశాడు.

“నేనేమీ పెద్దగా చెయ్యలేదు సార్. క్రషర్లో వెయ్యబోతుంటే ఆపాను. రెండేళ్ళు ఒకటే లెక్క చేసీ చేసీ అలిసిపోయిన మిషను, దానికి ఇంకో పని రాదు, నిజమే, మీకూ నాకూ మాత్రం ఎన్ని పనులొచ్చు? ఒంట్లో వేడి ఉందా లేదా, అదీ చూడాల్సింది. ఒకదానికి వైరు తగిలించి ముందు నా జేబురుమాలు పెట్టాను. ఇటు పెట్టి అటు తిరిగానో లేదో, ఆరింది.”

“పొడి రుమాలేమో మామా,” అన్నాడు ఎదురు కొట్టు దర్జీ. వాన పడుతోందని అతనూ ఈ చూరు కిందికే చేరాడు.

“నీ కాజాలు నువ్వు చూసుకో. మీరు వినండి సార్. నాలుగూ బిగించి, నర్సింగ్ హోమ్ దుప్పట్లు నలభై వేశాం. అక్క ఆ చివర క్లిప్పు పెట్టి ఈ చివరికి వచ్చేసరికి ఆ చివర ఆరిపోయి ఎగురుతోంది. ఆవిడ తడివి వేస్తోంది, నేను పొడివి తీస్తున్నాను, మా ఇద్దరి మధ్యా తడి దుప్పటి అన్నది ఉంటే ఒట్టు. ముడతలు కూడా భయపడి వాటంతటవే పోయాయి.”

ఇస్త్రీ బల్ల ముందు స్టూలు మీద కూర్చున్న ప్రెసిడెంటుగారు జేబులోంచి పెన్ను తీసి కాగితం వెనక ఏదో రాసుకున్నారు. మామకి ఒళ్ళు పొంగింది. తన మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడ వేడెక్కింది. ఇక్కణ్ణుంచి పాకుతూ పాకుతూ నాలుగో అంతస్తు దాకా. అక్కడ కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళే.”

“నాలుగో అంతస్తులో ఉండేది నేనే,” అన్నారు ప్రెసిడెంటుగారు.

“మరి? చన్నీళ్ళు పోసుకుని ఎన్నాళ్ళయింది సార్?”

“మా ఇంట్లో గీజరుంది.”

“ఉంటుంది సార్. స్విచ్ తీసి ఎప్పుడైనా చూశారా?”

ప్రెసిడెంటుగారు కాసేపు పైకి చూసి, మళ్ళీ రాసుకున్నారు. ఇస్త్రీ చేస్తూనే అక్క ఆయన భుజం మీదుగా చూసింది. ‘నాలుగు అంతస్తుల గోడలకూ వేడి’ అని ఉంది. దాని కింద ‘ప్రమాదం’ అని, రెండు గీతలు.

“ఒరేయ్, చాలు,” అంది.

మామ దాన్ని కానివ్వమన్నట్టు తీసుకున్నాడు.

“మర్నాడు కుండపోత. వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు. అక్క ఉక్కగా ఉందని వెనక కిటికీ తీసింది. లోపలి వేడి బయటికి ఒక్క తోపు తోసిందండీ, కిటికీ ముందు పడుతున్న వాన పడ్డం మానేసి, అక్కడే కాసేపు నిలబడి, ఆలోచించుకుని, వచ్చిన దారినే పైకి పోయింది.”

“వాన ఆలోచించుకుంది,” అన్నారు మాస్టారు.

“చదువు చెప్పినవారు, మీకు నేను చెప్పాలా మాస్టారూ. మూడో రోజు వాతావరణ ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు. ఊరంతా వాన అని చెప్పాం, మీ వీధిలో ఎండ కాస్తోంది, మా పరువు పోతోంది, ఆ కిటికీ కాస్త మూయించండి అన్నారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి చెప్పాను, మా అక్క కిటికీ మా అక్క ఇష్టం, మీ మబ్బుల్నే పక్క వీధిలోంచి తిప్పుకోండి అని. తిప్పుకున్నారు. ఇప్పటికీ అటే పోతున్నాయి.”

దర్జీ చూరు బయటికి అరచెయ్యి చాపాడు. “మరి ఇదేమిటి మామా?”

“దారి తప్పిన మబ్బు. కాబట్టి సార్, ఎవరొచ్చి చెప్పినా ఆ మిషన్లు కదలవు. ఇంకో నాలుగు తెచ్చానంటే ఈ మెట్లు మైనంలా కరిగిపోతాయి, అయినా కదలవు.”

“మెట్లు కరుగుతాయా,” అంటూ ప్రెసిడెంటుగారు లేచి నిలబడ్డారు. కాగితం అడుగున సంతకం పెట్టడానికి గోడకి ఆనించారు.

అక్క ఇస్త్రీపెట్టె దింపి బయటికి వచ్చింది.

“సార్, రాసింది కొట్టెయ్యండి.”

“ఏది?”

“మొత్తం. ఒకసారి లోపలికి రండి.”

అందరూ వెళ్ళారు. గోడ బల్ల మీద నాలుగు పెట్టెలు, ఎదురుగా తీగల మీద దుప్పట్లు. ప్రెసిడెంటుగారు కొత్త కుక్కని ముట్టుకున్నట్టు ఒక పెట్టె మీద చెయ్యి వేశారు, తీశారు, మళ్ళీ వేసి ఉంచారు.

“వెచ్చగా ఉంది,” అన్నారు.

“అంతే సార్. దుప్పటి ఆరడానికి మూడు గంటలు. ఇలాంటి రోజు మూడున్నర. గోడ చల్లగానే ఉంది, పట్టుకు చూడండి. మొదటి వారం అరిచాయి, నిజం. మాస్టారికి నిద్ర లేకుండా చేశాం, తప్పు మాదే. మీరు కొట్టెయ్యకపోతే మానెయ్యండి. మిషన్లు మాత్రం నేను తియ్యను.”

ఆ మాట అనేసి పెట్టెల పక్కనే నిలబడింది.

“శబ్దం సంగతి తేలాలి కదమ్మా. స్విచ్ వెయ్యండి, విందాం.”

“వేసే ఉంది సార్. పొద్దున్న ఆరింటినుంచీ.”

ఎవరూ మాట్లాడలేదు. మామ కూడా. బయట గొట్టంలోంచి వాననీళ్ళు పడుతున్నాయి. దాని వెనక, పక్కింట్లో ఎవరో ఫ్యాను వేసుకున్నట్టు, సన్నగా ఒక రొద.

మాస్టారు తల పక్కకి వంచి విన్నారు. “మరి రోజూ ఈ వేళప్పుడు నాకు పైకి వినిపించేదేమిటి?”

“అది స్విచ్ లేని మిషను మాస్టారూ,” అన్నాడు దర్జీ, మామ వైపు చూస్తూ.

ప్రెసిడెంటుగారు కాగితం మీద ఒక్కో వరసే కొట్టేసుకుంటూ వచ్చారు. ఆఖర్న తిరగేసి, ‘శబ్దం’ అన్న మాట కూడా కొట్టేశారు.

మామ చెవి గోక్కున్నాడు. “ఆ నిశ్శబ్దం బిగించింది కూడా నేనే సార్,” అన్నాడు, ఈసారి మెల్లిగా.

నిజానికి అప్పట్లో అతను రెండు ఆదివారాలు కూర్చుని, చేతివేళ్ళ కణుపులు చెక్కుకుపోతున్నా, మిషన్లలో కీచుమనే చిన్న ఫ్యాన్లు ఎనిమిదీ పీకేసి, వాటి బదులు యార్డులోని పాత కూలర్ ఫ్యాను ఒకటి పెట్టాడు. అది చెబుదామనే నోరు తెరిచాడు. ఎవరూ చెప్పనివ్వలేదు. దర్జీ గోడ పట్టుకుని నవ్వాడు, మాస్టారు దగ్గొచ్చేదాకా నవ్వారు. ఆ సాయంత్రం కోసిన కోతలన్నిటిలోకీ వాళ్ళకి ఇదే నచ్చింది.

“అది నిజమే సార్,” అంది అక్క.

“మీరు కూడానా అమ్మా,” అన్నారు ప్రెసిడెంటుగారు, కళ్ళు తుడుచుకుంటూ.